శనివారం తేనె

మా ఇంట్లో తేనె బ్రాందీ సీసాలో ఉండేది. దేవుడి గూటి పక్కనే, అగరొత్తుల పెట్టెకీ కుంకుమ భరిణెకీ మధ్యన. కొత్తగా ఇంటికి వచ్చినవాళ్ళు దాన్ని చూసి ఓ క్షణం ఆగి, ఆ తర్వాత నా మొహం చూసేవారు. "అది మా అత్తగారిదండీ, రోజూ పరగడుపునే పుచ్చుకుంటారు" అని నేను ఇంకాస్త ఎగదోసేదాన్ని. లోపలి గదిలోంచి ఆవిడ "దీని నోటికి హద్దూ పద్దూ లేదు కదా!" అని కేకవేసేవారు. అందులో కోపం తక్కువ, నవ్వు ఎక్కువ. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఇప్పుడు ఎవరైనా వస్తే నేను ఆ గూటి వైపు చూడకుండా మాట్లాడటం నేర్చుకుంటున్నాను.

ఆ సీసా ఆవిడ తమ్ముడు తెచ్చేవారు. మా ఆయనకి మేనమామ, నాకు వరసకి బాబాయిగారు. మైలవరం అవతల, కొండల పక్కన పల్లెలో ఉంటారు. అక్కడ పట్టు దించేవాళ్ళు తేనెని దొరికిన సీసాలో పోసి ఇస్తారు. దొరికే సీసాలు అవే మరి. బాబాయిగారు దాన్ని పాత పంచెముక్కలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని పటమటలో మా ఇంటి దాకా తెచ్చేవారు. ఓసారి పక్కసీటు ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని లేచి వెళ్ళిపోయిందట. "తేనె తల్లీ, తేనె, అంటే వినదే!" అని చెప్పి పగలబడి నవ్వేవారు. మా అత్తగారు ఆ తేనెని గిన్నెలోకి వంపి, సీసాని వేణ్ణీళ్ళతో కడిగి, మేడమీద ఎండలో బోర్లించి, పలచటి గుడ్డలో వడగట్టిన తేనెని మళ్ళీ అందులోనే పోసేవారు. "వేరే మంచి సీసాలు బోలెడు ఉన్నాయి కదత్తయ్యా" అంటే, "ఇదీ మంచిదే, నా తమ్ముడు తెచ్చాడు" అనేవారు. గుడ్డలో మిగిలిన మైనం ముక్కల్నీ, పుప్పొడి కూరినట్టుండే పట్టు ముక్కల్నీ నోట్లో వేసుకుని, కాళ్ళు చాపుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా నమిలేవారు. ఆ కాసేపూ ఆవిడ నాకు అత్తగారు కాదు, ఎవరో మైలవరం పిల్ల.

ఆవిడ కడుపుమంట ఎప్పుడు మొదలైందో ఎవరికీ సరిగ్గా తెలియదు. మా ఇళ్ళల్లో పొట్టకి ఏమొచ్చినా ముందు దానికి పెట్టే పేరు గ్యాసు. గ్యాసని సోడా తాగారు, జీలకర్ర కషాయం తాగారు, వాము నమిలారు. అర్ధాకలిగా ఉన్నప్పుడు పొట్ట మీద చెయ్యి పెట్టుకుని వంగి కూర్చోవడం చూసి, ఇబ్రహీంపట్నంలో ఉద్యోగానికి పోవాల్సిన మా ఆయన ఓ పొద్దున సెలవు పెట్టి ఆవిణ్ణి బలవంతాన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. వెంట నేనూ వెళ్ళాను. నోట్లోంచి గొట్టం వేసి చూసి, కడుపులో పుండు పడిందన్నారు.

ఆ డాక్టరు చిన్నవాడే, మర్యాదస్తుడు. మాత్రలు రాశాడు. మోకాళ్ళ నొప్పులకి మందులషాపులో అడిగి కొనుక్కునే మాత్రలు ఇక ముట్టుకోవద్దన్నాడు. కారం మానమన్నాడు. కృష్ణా జిల్లా మనిషికి ఆ మాట చెప్పడానికి నోరెలా వచ్చిందా అనుకున్నాను. ఆ తర్వాత అడిగాడు.

"మామ్మగారూ, ఉపవాసాలేమన్నా ఉంటారా?"

"ఎక్కడ నాయనా, శనివారం ఒక్కటే."

"అది కూడా మానెయ్యాలండీ. కడుపు ఖాళీగా ఉంచకూడదు."

ఆవిడ బుద్ధిగా తల ఊపారు. ఆ తల ఊపడం ఎలాంటిదో కాపురానికి వచ్చిన కొత్తలోనే నాకు తెలిసింది. ఆటో ఎక్కగానే నా వైపు తిరిగి, "అన్నీ మానతా. శనివారం మాత్రం మాననే. ఇంటికెళ్ళాక నువ్వు దండకం మొదలెట్టకు" అన్నారు.

కారం నిజంగానే మానేశారు. ఆ మాట మీద నిలబడ్డ తీరు చూస్తే నాకే ఏడుపొచ్చింది. ఎండాకాలం రాగానే ఎప్పటిలా ఆవకాయకి ముక్కలు కొట్టించి, ఆవపిండీ కారం ఉప్పూ ఆవిడే కలిపారు. ఇదివరకు కలిపిన గిన్నెలో వేడన్నం వేసి, అదే గిన్నెలో అందరికీ ముద్దలు పెట్టి, చివరి ముద్ద తను తినేవారు. ఆ ఏడు మాకు పెట్టి, గిన్నెని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "ఉప్పు చాలిందా?" అని నన్ను అడిగారు. ఉప్పు గురించి ఆవిడ నన్ను అడగడం అదే మొదలు. చాలిందన్నాను. గిన్నె సింకులో పెట్టేసి చేతులు కడుక్కున్నారు.

అంత కచ్చితంగా మాట వినే మనిషి ఆ ఒక్క శనివారం దగ్గర ఎందుకు మొండికేశారో చెప్పాలి.

మా అమ్మాయి నెలలు నిండకుండానే పుట్టింది. దోసిట్లో పట్టేంత పిల్ల. పుట్టగానే అద్దాలపెట్టెలో పెట్టారు. నాకు ఒంటిమీద తెలివి లేదు. మా ఆయన మందుల కోసమని, రక్తం కోసమని తిరుగుతున్నారు. ఆ గది తలుపుకున్న గాజుపలకలోంచి పిల్లని చూస్తూ నిలబడింది మా అత్తగారొక్కరే. నిలబడ్డ చోటే మొక్కుకున్నారు. పిల్ల బతికి బట్టకడితే, దాని మెళ్ళో మూడుముళ్ళూ పడేదాకా శనివారం అన్నం ముట్టనని వెంకటేశ్వరస్వామికి మాటిచ్చేశారు. పిల్ల బతికి బట్టకట్టింది. చదువుకుంది, హైదరాబాదులో ఉద్యోగం తెచ్చుకుంది. పెళ్ళి మాటెత్తితే "చూద్దాంలే" అంటుంది. ఆ "చూద్దాంలే"కి నాకు అభ్యంతరం ఏమీ లేదు. కానీ ఆవిడ శనివారాలు మాత్రం ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి.

మా అమ్మాయి చిన్నప్పట్నుంచీ దీన్నో వేడుక చేసుకుంది. శనివారం సాయంత్రం నానమ్మ ఎదురుగా మఠం వేసుకుని కూర్చుని, పకోడీలు పళ్ళెంలో పోసుకుని, "నా కోసమేగా పస్తున్నావు? నీ వాటా కూడా నేనే లాగించేస్తా" అని ఊరిస్తూ తినేది. నేను కసురుకునేదాన్ని. ఆవిడ ఊరుకునేవారు కాదు. "తిననీ. అది తింటోందంటే నా ఉపవాసం దేవుడికి ముట్టినట్టే. అమ్మడూ, ఇంకో రెండు వేసుకో" అనేవారు. ఆ తినడం చూస్తున్నంతసేపూ ఆవిడ మొహం నిండుగా ఉండేది. ఆకలితో ఉన్న మనిషి మొహంలా ఉండేది కాదు.

డాక్టరు చెప్పి వచ్చాక నేను ఊరుకోలేదు. "అత్తయ్యా, కడుపు కాల్చుకోమని ఆ స్వామి మిమ్మల్ని అడిగాడా?" అన్నాను.

"అడగలేదు. నేనే ఇచ్చా. ఇచ్చింది వెనక్కి లాక్కుంటామా?"

"పిల్ల గుండ్రాయిలా ఉందండీ. ఇంకా దేనికి భయం?"

"గుండ్రాయిలా ఎందుకుందో నీకేం తెలుసే. నువ్వప్పుడు కళ్ళు తెరవలేదు. అది ఊపిరి తీసుకోవడం ఆపి మళ్ళీ మొదలెట్టడం నేను చూశా" అని, "నా పొట్ట కోసం దాని ప్రాణంతో ఆటలాడమంటావా?" అన్నారు.

నాకు అలాంటి నమ్మకాలు పెద్దగా లేవు. కానీ అవతల పెట్టింది నా పిల్ల ప్రాణం. "ఆ, ఆడండి" అని ఏ తల్లి నోరైనా అనగలదేమో, నాది మాత్రం అనలేకపోయింది. మా ఆయనా కొన్నాళ్ళు గట్టిగా పోట్లాడి, చివరికి పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

అలా ఇల్లంతా బిగుసుకుపోయి ఉన్న రోజుల్లో బాబాయిగారు కొత్త సీసాతో దిగారు. అక్క కడుపులో పుండని ఫోనులో విని, ఈసారి తొర్రతేనె వెతికించి తెచ్చారు. వెంట అతిమధురం వేళ్ళు కూడా. అతిమధురం పొడి తేనెలో రంగరించి నాకితే కడుపులో పుండు మానిపోతుందని, వాళ్ళమ్మ ఊళ్ళోవాళ్ళకి ఇచ్చేదని గుర్తుచేశారు. మా అత్తగారి మొహం విప్పారింది. ఆ వెంటనే ఆవిడ అడిగిన ప్రశ్న ఇంకోటి.

"ఒరే, శనివారం తేనె పుచ్చుకోవచ్చంటావా?"

బాబాయిగారు ఏమాత్రం ఆలోచించలేదు. "దేవుడి నెత్తిన పోసేదాన్ని ఉపవాసానికి అడ్డమంటే ఎట్టా అక్కయ్యా? అది అన్నమా, పప్పా? పొయ్యి ఎక్కిందా? ఈగలు చేసినదే గానీ ఎంగిలి అంటామా? నిక్షేపంలా పుచ్చుకో."

అందరం హమ్మయ్య అనుకున్నాం. మా ఆయన పేపరు దించారు. నాకైతే నెత్తిమీంచి బరువు దించినట్టయింది. డాక్టరు కడుపు ఖాళీగా ఉంచద్దన్నాడు, ఖాళీగా ఉండదు. దేవుడికి అన్నం ముట్టనని మాట, ముట్టక్కర్లేదు. ఇటు మందూ అటు మొక్కూ రెండూ ఒక్క చెంచాలో కుదిరిపోయాయి. ఇంతకన్నా ఏం కావాలి? ఆ సాయంత్రం నేను బాబాయిగారికి దిబ్బరొట్టె కాల్చి పెట్టాను. మా అత్తగారు మైనం నములుతూ కూర్చున్నారు.

అప్పట్నుంచీ శనివారానికి ఓ పద్ధతి వచ్చింది. తలంటి పోసుకుని, తడిజుట్టు ముడేసుకుని, దీపం పెట్టి, ఎడమ అరచేతిలో చిటికెడు అతిమధురం పొడి వేసుకునేవారు. దానిమీద తేనె వంపి, ఉంగరం వేలితో రంగరించి, కళ్ళు మూసుకుని నాకేవారు. మధ్యాహ్నం మళ్ళీ అంతే. సాయంత్రం గుడికి వెళ్ళొచ్చాక ఇంకోసారి తేనె, ఆపైన నల్లద్రాక్షో అరటిపండో. రోజంతటికీ అంతే. తేనెని వేడి చెయ్యకూడదనీ, వేణ్ణీళ్ళలో కలపకూడదనీ నాకు పాఠాలు చెప్పేవారు. "ఎక్కడ చదివారేంటి డాక్టరీ?" అంటే, "మా అమ్మ దగ్గర చదివా, నీకేం?" అనేవారు.

మంట తగ్గింది. అబద్ధం చెప్పను. తేనెని నేనెప్పుడూ తిట్టలేదు, ఇప్పుడూ తిట్టను. నాకిన కాసేపటికి ఆవిడ పొట్ట మీద చెయ్యి తీసేసేవారు. వంగి కూర్చోవడం మానేశారు. మా అపార్ట్‌మెంట్లో ఆవిడ డాక్టరమ్మ అయిపోయారు. కింద ఫ్లాటావిడ నోటిపూతకని వచ్చేది. ఎదురింటాయన దగ్గుకని గిన్నె పట్టుకొచ్చేవాడు. ఆవిడ చెంచాతో కొలిచి పోస్తూ, "ఇది బజారు తేనె కాదమ్మా, మా తమ్ముడు తెచ్చింది" అని అందరికీ అదే చెప్పేవారు.

మళ్ళీ చూపించుకోడానికి వెళ్ళినప్పుడు నేనే డాక్టరుతో అన్నాను, తేనె పుచ్చుకుంటున్నారండీ, బాగా గుణం కనిపిస్తోందీ అని. "పర్లేదండీ. మాత్రలు మానకుండా, భోజనం మానకుండా తీసుకుంటే తప్పేం లేదు" అన్నాడాయన. మా అత్తగారు "పర్లేదు" దగ్గరే లేచి నిలబడ్డారు. ఇంటికొచ్చాక ఊళ్ళో అందరికీ, డాక్టరు కూడా తేనే పుచ్చుకోమన్నాడని ఫోన్లు చేశారు. నాకు నవ్వొచ్చింది. బాగున్నారు కదా, పోనీలే అనుకున్నాను.

బాగున్నామనుకున్నాక మాత్రలు ఎవరికి గుర్తుంటాయి? "మంటే లేనిదానికి మాత్రలెందుకే, ఒంట్లో వేడి చేస్తున్నాయి" అని ముందు రాత్రి మాత్ర మానారు, తర్వాత పొద్దుటిది. మా ఆయన కేకలేస్తే రెండ్రోజులు వేసుకునేవారు. మళ్ళీ గొట్టం వేసి చూడాలన్నాడు డాక్టరు. ఆషాఢం వెళ్ళనీ అన్నారీవిడ. ఆ తర్వాత శ్రావణం నోములయ్యాక అన్నారు. ఆ తర్వాత పిల్ల దసరాకి వస్తుందిగా, అప్పుడు చూద్దాం అన్నారు. "చూద్దాంలే" అనడం మనవరాలికి ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది నాకు.

దసరా రాకముందే ఒక శనివారం, సాయంత్రం దీపం వెలిగించి లేస్తూ లేస్తూ గోడ పట్టుకున్నారు. "కళ్ళు తిరుగుతున్నాయే" అని నెమ్మదిగా కూలబడ్డారు. నేను పరుగెత్తి పట్టుకునేసరికి వాంతి అయింది. కాఫీ మడ్డి రంగు. ఒళ్ళు మంచులా ఉంది. ఆ మొహం చూస్తే పెదాలు ఎక్కడున్నాయో తెలియడం లేదు.

ఆసుపత్రిలో అడిగారు, ఈమధ్య విరేచనం నల్లగా అవుతోందా అని. నేనూ మా ఆయనా మొహమొహాలు చూసుకున్నాం. అత్తగారిని కోడలు ఏం అడుగుతుంది, కొడుకు ఏం అడుగుతాడు? స్ట్రెచర్ మీంచి ఆవిడే చిన్న గొంతుతో, "అవుతోంది నాయనా, చాన్నాళ్ళయింది. నల్లద్రాక్ష తింటున్నా కదా అనుకున్నా" అన్నారు. ఆ మాట అన్నందుకు సిగ్గుపడి మొహం అటు తిప్పేసుకున్నారు. పుండు లోపల మానలేదు. తేనె దాని మంటని చల్లార్చింది అంతే. మంట పోయేసరికి మేము పుండే పోయిందనుకున్నాం.

రక్తం ఎక్కించారు. గొట్టం వేసి లోపల రక్తం కారడం ఆపాలని చూశారు. నోటికి ఏమీ ఇవ్వద్దన్నారు, చుక్క మంచినీళ్ళు కూడా. మర్నాడు నన్ను లోపలికి పంపారు. కళ్ళు తెరిచి, గుర్తుపట్టి, చెయ్యి పట్టుకున్నారు.

"ఇవాళేం వారమే?"

"ఆదివారం అత్తయ్యా."

"అయితే కాస్త అన్నం పెట్టకూడదూ? ఆకలేస్తోందే."

నేను దుప్పటి సర్దాను. ఆవిడే మళ్ళీ, "ఆవకాయ కలిపి, కొంచెం నెయ్యేసి. ఒక్క ముద్ద చాలు" అన్నారు.

ఆవిడ నన్ను అన్నం అడిగింది నా కాపురం మొత్తంలో ఆ ఒక్కసారే. వంటిల్లు ఆవిడదే, పెట్టే చెయ్యి ఆవిడదే. నేను పెట్టించుకునేదాన్ని. అడిగిన ఆ ఒక్కసారీ, పెట్టకూడదని రాసిన కాగితం మంచానికి వేలాడుతోంది. "ఇంటికెళ్ళాక కలిపి పెడతానత్తయ్యా, గిన్నెడు కలిపి పెడతా" అన్నాను. సరేనని తల ఊపారు. ఈసారి నిజంగా ఊపారు.

మా అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చేసరికి ఇంక ఎవర్నీ లోపలికి పోనివ్వడం లేదు. ఆ తలుపుకి గాజుపలక ఉంది. అది దానికి నుదురు ఆనించి, లోపలున్న నానమ్మని చూస్తూ నిలబడింది. ఎవరు పిలిచినా కదల్లేదు. అది పుట్టినప్పుడు ఆవిడ నిలబడ్డట్టే. ఆ సంగతి దానికి తెలుసో లేదో నేను అడగలేదు. ఆ మర్నాడు తెల్లవారుతుండగా ఆవిడ పోయారు. మళ్ళీ శనివారం దాకా కూడా ఉండలేదు.

పెద్దకర్మ నాడు కృష్ణ ఒడ్డున పిండాలకి తేనె అడిగారు పంతులుగారు. మా ఆయన బజార్లో కొన్న చిన్న సీసా తీయబోయారు. బాబాయిగారు వద్దని, తన చేతిసంచీలోంచి మా ఇంటి సీసా తీశారు. ఎప్పుడు గూటి పక్కనుంచి తీసి పెట్టుకున్నారో. పంతులుగారు ఆ సీసా చూసి ఓ క్షణం ఆగారు, తర్వాత నా మొహం చూశారు. ఎప్పుడూ చెప్పే హాస్యం నాలిక చివరి దాకా వచ్చింది. చెబితే వెనక నుంచి కేకలేసే మనిషి లేదు. అక్కడే, అందరి ముందూ, గొంతెత్తి ఏడ్చాను. బాబాయిగారు తేనె వంపుతూ, "నేనే చెప్పా, నిక్షేపంలా పుచ్చుకోమని నేనే చెప్పా" అని గొణుక్కుంటున్నారు. తప్పు ఆయన ఒక్కరిదే అయితే బాగుండును. మేమందరం హమ్మయ్య అనుకున్నవాళ్ళమే.

సీసాలో ఇంకా సగం పైన మిగిలింది. మా అమ్మాయి వెళ్తూ, "అమ్మా, ఇది నేను తీసుకెళ్తా" అంది. నానమ్మ గుర్తుగా అనుకుని నేనే తువ్వాలులో చుట్టి ఇచ్చాను.

ఆ తర్వాత వచ్చిన మొదటి శనివారం సంగతి ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నాను. అన్నం కలిపాను. చెయ్యి నోటి దాకా రాలేదు. దిగులని అనుకుందామన్నా అది దిగులు కాదు, భయం. ఇన్నేళ్ళూ శనివారం మా ఇంట్లో ఒకరు పిల్ల కోసం అన్నం మానారు. ఇవాళ ఎవరూ మానడం లేదు. నమ్మకం లేదు, లేదు అని ఇంతకాలం నోరు పారేసుకున్నదాన్ని, కంచం తీసి ఫ్రిజ్జులో పెట్టేశాను. పిల్లకి ఫోను చేసి ఎలా ఉన్నావే అని అడిగాను. బాగున్నానంది. ఆ తర్వాతి శనివారం కూడా అంతే చేశాను. మా ఆయనతో ఆకలి లేదని చెప్పేదాన్ని. అత్తగారికి చెప్పిన మాటలన్నీ నాకు నేను చెప్పుకున్నాను, ఒక్కటీ పనిచెయ్యలేదు.

మాసికానికి పిల్ల వచ్చింది. మాసికం శుక్రవారం అయింది. మర్నాడు నేను వంటింట్లో ఉండగా, హాల్లో అది తలంటు పోసుకుని, తడిజుట్టు ముడేసుకుని, గూటి ముందు కూర్చుని ఉంది. పక్కన, తనతో తెచ్చుకున్న ఆ సీసా. ఎడమ అరచేతిలో తేనె, ఉంగరం వేలితో రంగరిస్తోంది. నా చేతిలో గరిట అలాగే ఆగిపోయింది.

"ఏంటే అది?"

"ఏం లేదమ్మా. శనివారం కదా."

"ఎన్నాళ్ళ నుంచి?"

అది రంగరిస్తూనే ఉంది. "ఆ మొక్కు నా పేరు మీద ఉంది కదమ్మా. సగంలో వదిలేస్తే నానమ్మకి మంచిది కాదేమో అనిపించింది. ఏం కాదులే, తేనె తీసుకుంటున్నా. ఈమధ్య కడుపులో కొంచెం మంటగా ఉంటోంది, హాస్టల్లో కాఫీలు ఎక్కువై. తేనె వేసుకోగానే తగ్గిపోతోంది" అంది.

తగ్గిపోతోంది! ఆ మాట విన్నాక నాకు ఒళ్ళు తెలియలేదు. సీసా లాక్కున్నాను. దాని చెయ్యి పట్టుకుని పంపు కింద పెట్టి కడిగేశాను. "బుద్ధుందా నీకు? చదువుకున్నావా, గాడిదల్ని కాశావా?" అని అరిచాను. గదిలోంచి మా ఆయన పరుగెత్తుకొచ్చారు. పిల్ల బిత్తరపోయి నిలబడింది, కళ్ళల్లోంచి నీళ్ళు జలజలా కారుతున్నాయి. ఆ అరుపులన్నీ దాని మీద కాదని నాకు అరుస్తుండగానే తెలుస్తోంది.

ఫ్రిజ్జు పక్కన ఆవకాయ జాడీ ఉంది. మా అత్తగారు వాసన చూసి పెట్టిన ఆవకాయ. గిన్నెలో వేడన్నం వేశాను, ఆవకాయ వేశాను, నెయ్యి వేశాను. కలిపి ముద్ద చేసి దాని నోటి ముందు పెట్టాను.

"అమ్మా, మొక్కు..."

"ఆవిడ అన్నేళ్ళు తినకుండా ఉన్నది దేనికే? నువ్వు తినడానికి. నువ్వు పకోడీలు తింటుంటే ఆ మొహం ఎలా ఉండేదో నీకు గుర్తులేదా? ఇప్పుడు నువ్వు పస్తుంటే ఆవిడ పస్తులన్నీ ఏమైపోవాలి? నోరు తెరు. సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్దాం. ముందు నోరు తెరు."

తెరిచింది. ఏడుస్తూనే నమిలింది. కారానికో ఏడుపుకో ముక్కు ఎగపీల్చుకుంది. మింగి, నా వైపు చూసి, "నువ్వు తిన్నావా?" అని అడిగింది.

నేను గిన్నెలోకి చూశాను.

"నాన్న చెప్పారు. శనివారాలు నీకు ఆకలి ఉండట్లేదంటగా" అంది.

గిన్నె నా చేతిలోంచి తీసుకుంది. మా అత్తగారు చేసినట్టే పెద్ద ముద్ద చేసింది. అది అలా చెయ్యి చాపి నిలబడితే, నాకు ఆ మంచమూ ఆ కాగితమూ కళ్ళ ముందుకొచ్చాయి. ఒక్క ముద్ద చాలన్న గొంతు వినిపించింది. స్వామీ, దీనికేమన్నా అయితే నీ మొహం చూడను అని లోపల అనుకున్నాను. నోరు తెరిచాను. ముద్ద గొంతు దిగేటప్పుడు భయం వేసింది. అయినా మింగాను.

ఆ తర్వాత పిల్ల ఇంకో ముద్ద కలిపింది.